తల ఎత్తితే తప్పు

మా ఆవిడ మొదటిసారి పరీక్ష పోగొట్టుకున్నది చదువు రాక కాదు, చూపు నిలవక.

ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. మా బావమరిది నవ్వనే నవ్వాడు. "చూపు నిలవకపోతే కళ్లజోడు కొనిపెట్టు బావా, అక్కకి" అన్నాడు. తనది కానిదేదైనా వాడికి వేళాకోళమే. నాకు నవ్వు రాలేదు. ఆ పరీక్షతోపాటు ఇంకేం పోతుందో నాకు తెలుసు.

ఒక పెద్ద ఆఫీసు భవనం కింది అంతస్తులో పిల్లల కేంద్రం ఉంది. పైన తల్లిదండ్రులు పని చేసుకుంటూ ఉంటే కింద వాళ్ల పిల్లలు ఆడుకుంటూ, తిని పడుకుంటూ ఉంటారు. అందులో మూడేళ్ల పిల్లల గది మా ఆవిడది. ఇవాళా నిన్నా కాదు, ఏళ్ల తరబడి ఆవిడదే. ఏ చెప్పులు ఎవరివో, ఎవరికి ఏ మూల నిద్ర పడుతుందో, ఏడుపు మొదలెట్టే ముందు ఎవరు చెవి లాక్కుంటారో అన్నీ ఆవిడకు కరతలామలకం. ఇంతలో కొత్త నిబంధన ఒకటి ఊడిపడింది. చిన్నపిల్లల చదువులో డిగ్రీ లేనివాళ్ల చేతిలో గది పెట్టకూడదట. లేనివాళ్లు సహాయకులుగా ఉండవచ్చు. అంటే బల్లలు తుడవడం, తడిపిన బట్టలు మార్చడం, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు చెప్పినట్టు చేయడం.

కేంద్రం మేనేజరమ్మ మర్యాదగానే చెప్పింది. "ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, ఇల్లు కదలక్కర్లేదు. చూస్తూ చూస్తూ అయిపోతుంది" అంది. చెప్పేవాళ్లకు అన్నీ చూస్తూ చూస్తూనే అయిపోతాయి. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి వదిలేసి కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపులో చేరినవాణ్ణి. సర్టిఫికెట్టన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. కాగితం చూపించినవాడికి కుర్చీ, పని చూపించినవాడికి చాప. అయినా ఆవిడ చదువుతానంది. సీట్లు కుట్టుకునేవాణ్ణి, వద్దనడానికి నేనెవణ్ణి.

చదివింది. వంటింటి గట్టు మీద గిన్నెలు పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ పెట్టుకుని పాఠాలు వింది. ముఖం కూడా ఎరగని తోటి విద్యార్థులతో రాతల్లో వాదించింది. ఆ చదువులో ఒక పాఠానికి నేనూ బలయ్యాను. పిల్లల్ని గమనించి రాసేటప్పుడు "అల్లరివాడు", "మొండిది" అని రాయకూడదట. కంటికి కనబడినది మాత్రమే రాయాలట. ఒకరోజు షాపు నుంచి వచ్చి నేను ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"ఒక చెప్పు గుమ్మం లోపల, ఒకటి బయట విడిచారు. గ్లాసు చప్పుడయ్యేలా పెట్టారు" అంది.

"అయితే ఏంటట?"

"ఏం లేదు. చూసింది చెప్పాను. కోపమొచ్చిందని నేను అనలేదు."

"వచ్చింది. మేస్త్రి నా కుట్టు విప్పించాడు."

"చూశారా, అది మీరు చెప్పాలి. నేను రాయకూడదు."

ఇదీ వరస. మనిషి మాత్రం మారుతూ వచ్చింది. మునుపు పిల్లలు కొట్టుకుంటే విడదీసి ఊరుకునేది. ఇప్పుడు ఎందుకు కొట్టుకున్నారో ఇంటికి వచ్చి కూడా ఆలోచిస్తూ కూర్చుంటోంది. చదువు ఆవిడకు పనికొచ్చిందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు గానీ, పనికొచ్చింది.

చివరికి ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు ఒక్క పరీక్ష మిగిలింది. అంతకుముందువన్నీ ఇంట్లో రాసి పంపేవి. ఇది మాత్రం కెమెరా ఎదుట కూర్చుని రాయాలి. కాపలా కాసేది మనిషి కాదు, యంత్రం. గదిలో ఇంకొకరు ఉండకూడదు, మాట వినబడకూడదు, చూపు తెర దాటకూడదు. దాటితే టింగుమని హెచ్చరిక వస్తుంది. మూడో టింగుతో పరీక్ష ఆగిపోతుంది.

మొదటిసారి గదిలోకి వెళ్లిన మనిషి కాసేపటికే తలుపు తీసుకుని వచ్చేసింది.

"ఆపేసింది" అంది.

"ఎందుకు?"

"పదే పదే పక్కకి చూశానట."

"ఎటు చూశావు?"

"ఏమో. చూసినట్టే నాకు తెలియదు."

ఆ సాయంత్రం ఆవిడ టీ తాగుతుంటే నేను చూశాను. కప్పు చూసింది, తలుపు చూసింది, కిటికీ చూసింది, మంచం పక్క మూల చూసింది, మళ్లీ కప్పు. ఇన్నేళ్లు కాపురం చేసి ఎన్నడూ పట్టించుకోలేదు గానీ, ఆవిడ చూపు ఎప్పుడూ అలాగే చుట్టి వస్తుంది. బస్సులోనూ అంతే, దుకాణంలోనూ అంతే. ఒక పిల్ల ముక్కు తుడుస్తూ మిగతా తలలన్నీ లెక్కపెట్టుకునే పని కదా, కళ్లకు తిరగలి అలవాటు పట్టింది.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే ఏడాది ఆగాలి. ఏడాది కేంద్రం ఆగదు. అప్పటికే డిగ్రీ చేతబట్టుకున్న ఒక అమ్మాయిని తెచ్చి ఆవిడ గదిలోనే పెట్టారు. కళ్లద్దాలు పెట్టుకుని పుల్లలా ఉంటుంది. ఆ పిల్ల ఎందుకొచ్చిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్చీ ఖాళీ కాకముందే కూర్చునేవాళ్లను పిలిచి పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే.

నాకు తోచిన వైద్యం నేను మొదలుపెట్టాను. నా పనిలో చూపు సూది దగ్గరే ఉండాలి. కన్ను పక్కకు తిరిగితే సూది వేల్లో దిగుతుంది. పనిలో చేరిన కొత్తలో మేస్త్రి చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టి మాకు అది నేర్పాడు. నేనూ అదే చేశాను. రోజూ సాయంత్రం ఆవిడను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, తెర వెనక స్టూలు వేసుకుని, ఆవిడ కళ్లలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. చూపు జారితే స్కేలుతో టక్.

"మీరలా చూస్తుంటే నవ్వొస్తోంది. పెళ్లయిన కొత్తలో కూడా ఇంతసేపు చూడలేదు నన్ను."

"నవ్వితే ఆ యంత్రానికి ఏం తోస్తుందో. తెర చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

టక్.

"ఇప్పుడెక్కడ చూశాను?"

"తలుపు."

"చూడలేదు."

"చూశావు. నువ్వే అన్నావు కదా, కనబడిందే చెప్పాలని. కనబడింది."

మొదట్లో స్కేలు ఆగేది కాదు. నేను కావాలని చెంచా కింద పడేసేవాణ్ణి, తలుపు ధడాలున వేసేవాణ్ణి. ఆవిడ ఉలిక్కిపడి చూసేది. టక్. రానురాను ఉలిక్కిపాటు తగ్గింది. తర్వాత తల లేవడం మానేసింది. ఒకనాటి సాయంత్రం వెనకనుంచి గిన్నె ఒకటి దొర్లించాను. ఆవిడ కనుపాప కూడా కదలలేదు. కుక్కతోకను చక్కబెట్టినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అనిపించింది. బావమరిదికి ఫోను చేసి మరీ చెప్పాను.

"బాగుంది బావా. ఇక నువ్వు ఇంటికి ఆలస్యంగా వచ్చినా అక్క తల ఎత్తి చూడదు" అన్నాడు.

పరీక్షకు ఇక వారమే మిగిలింది. ఆవిడను తీసుకురావడానికి రోజూ లాగే బండి మీద కేంద్రానికి వెళ్లాను. పిల్లలంతా వెళ్లిపోయారు. పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో మా ఆవిడ మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది. మేనేజరమ్మ గదిలో దీపం వెలుగుతోంది. కళ్లద్దాల పిల్ల వరండాలో నాకు ఎదురొచ్చింది.

"అంకుల్, అక్కని ఇవాళ జాగ్రత్తగా తీసుకెళ్లండి" అంది.

జరిగింది ఆ పిల్లే చెప్పింది. మధ్యాహ్నం మా ఆవిడ కథల పుస్తకం చదివి వినిపిస్తోంది. గుమ్మడి అని అందరూ ముద్దుగా పిలిచే బొద్దుపిల్ల ఒకతె మెల్లగా లేచి, పరుపులు సర్దే అల్మారాలో దూరింది. తలుపు దానంతటది మూసుకుంది. ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పిల్లల బట్టలు ఉతకవేసి వచ్చిన కళ్లద్దాల పిల్ల తలలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. స్నానాల గది, వరండా, మెట్లు అన్నీ వెతికి, ఆఖరికి అల్మారా తీస్తే గుమ్మడి పరుపుల మీద నిద్రపోతోంది. ఒళ్లంతా చెమట, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. ప్రాణానికి ఏమీ కాలేదు.

"మేడంకి చెప్పేశావా?" అన్నాను. నా గొంతులో ఏముందో ఆ పిల్లకు తెలిసే ఉంటుంది.

"చెప్పాలి అంకుల్. చెప్పకపోతే ఆ తలుపు అలాగే ఉంటుంది, రేపు ఇంకొకరు దూరతారు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వచ్చిన మొదటిరోజు తలలు లెక్కపెట్టడం నాకు నేర్పింది అక్కే. మాట్లాడుతూ కూడా లెక్కపెట్టేది, నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఈమధ్య అక్క తల ఎత్తడం లేదు. ఒంట్లో బాగుండటం లేదా?"

ఆ పిల్లను నాలుగు మాటలు అనాలనే నోరు తెరిచాను. మూసుకుని, మా ఆవిడ సంచీ అందుకున్నాను.

బండి ఇంటి ముందు ఆగగానే మా ఆవిడ దిగి నడిచింది. ఇంట్లోకి వచ్చి, బల్ల మీది స్కేలు తీసి నా చేతిలో పెట్టింది.

"దీన్ని మీ షాపులో పెట్టుకోండి" అంది.

"పరీక్ష నెత్తి మీదికి వచ్చింది. ఇప్పుడు ఆపితే మొదటికొస్తుంది."

"రానీ."

"గది పోతుందే."

"ఏమండీ, పిల్లలు అరిచినంతసేపు నాకు భయం ఉండదు. ఊరుకున్నప్పుడే భయం. గదిలో చప్పుడు తగ్గితే నా తల దానంతటదే లేచేది. ఇన్నేళ్లూ లేచింది, నేను లేపలేదు. ఇవాళా చప్పుడు తగ్గింది. నాకు వినబడింది. తల లేవబోయింది. అప్పుడు మీ స్కేలు టక్‌మన్నట్టయింది. ఆగిపోయాను. పేజీ తిప్పాను." ఆవిడ నా చేతిలోని స్కేలుకేసి చూసింది. "పేజీ తిప్పానండీ."

నేను స్కేలు పట్టుకుని నిలబడ్డాను. మంచి చేయబోతే చెడు ఎదురైందని సామెతలు చెప్పుకోవచ్చు. ఆ పూట సామెతలు కూడా గుర్తు రాలేదు.

మర్నాడు మేనేజరమ్మ ఆవిడను పిలిచి చెప్పింది. జరిగినదాన్ని కాగితం మీద పెట్టక తప్పదు. డిగ్రీ చేతికి వస్తే గది ఆవిడకే, కొన్నాళ్లు ఆవిడ మీద ఒక కన్నేసి ఉంచుతారు. రాకపోతే వచ్చే నెల నుంచి సహాయకురాలు. ఆవిడను ఆ భయం కంటే ఇంకొకటి తినేస్తోంది. నడుస్తూ నడుస్తూ ఆగి, కావాలని అటూ ఇటూ చూసేది. వంటింటి అల్మారాలో కప్పులు లెక్కపెట్టుకునేది.

"కావాలని చూస్తున్నాను. ఇదివరకు కన్ను దానంతటదే చూసేది. ఇక రాదేమో" అంది ఒకసారి, నాతో కాదు, కప్పులతో.

అంటే మా పరిస్థితి ఇది: ఆ చూపు తిరిగి వస్తే పరీక్ష పోతుంది, రాకపోతే ఆవిడే ఆ గదిలో అడుగుపెట్టనంటుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారు. పోకచెక్కకు కనీసం ఒక్క వేటుతో అయిపోతుంది.

పరీక్ష రోజు వచ్చింది. నా చేతిలో ఉన్నది ఒక్కటే అనుకున్నాను. ఇంట్లో చీమ చిటుక్కుమనకుండా చూడటం. కారే కొళాయి కింద గుడ్డ పెట్టాను. గోడ గడియారం బ్యాటరీ తీసేశాను. పైవాటాలో ఒక నర్సు, ఆమె ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు. ఆ పిల్లలు సెలవు రోజున మా నెత్తిన గుర్రప్పందేలు నడుపుతారు. వెళ్లి ఆమెను బతిమాలుకున్నాను.

"దానికేం అన్నయ్యగారూ, వెనక పెరట్లో ఆడిస్తాను. వదినని నిమ్మళంగా రాయమనండి" అంది.

ఆవిడ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను తలుపు బయట గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ఇల్లు బావిలా ఉంది. లోపల కీబోర్డు చప్పుడు కొంచెం కొంచెం వినబడుతోంది. అది వినబడినంతసేపు ఊపిరి పీల్చాను. అది ఆగింది.

టింగ్.

లోపలినుంచి ఒక నిట్టూర్పు. మళ్లీ కీబోర్డు. ఈసారి తడబడుతూ, నాలుగు అక్షరాలు, ఆగడం, నాలుగు అక్షరాలు. రెప్ప కూడా వేయకుండా తలుపుకేసి చూస్తున్నాను, నేను చూస్తే ఆవిడ చూపు నిలుస్తుందన్నట్టు. కీబోర్డు పూర్తిగా ఆగిపోయింది.

టింగ్.

రెండు. పరీక్ష సగమన్నా అయి ఉండదు. లేచి నిలబడ్డాను. ఇంట్లో ఈగ వాలిన చప్పుడు లేదు. అప్పుడు నా మట్టిబుర్రకు తట్టింది. ఊరుకున్నప్పుడే భయం అని ఆవిడ చెప్పింది. నేనేమో ఇంటిని నోరు నొక్కి ఆవిడకు అప్పజెప్పాను. ఎవరో పిల్ల ఎక్కడో దూరిందన్నట్టుగా ఉన్న ఇంట్లో ఆ తల లేవక ఏం చేస్తుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తాను. నర్సు బట్టలు ఆరేస్తోంది.

"పిల్లల్ని పైకి పంపమ్మా, పరిగెత్తాలి వాళ్లు."

"అయిపోయిందా అన్నయ్యగారూ పరీక్ష?"

"కాలేదు. అందుకే."

"ఇందాక వద్దన్నారుగా."

"ఇందాక నాకు బుద్ధి లేదు."

ఇప్పుడు మాత్రం ఉందా అన్నట్టు చూసింది గానీ పిల్లల్ని పిలిచింది. నేను వాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాను.

"పైకి వెళ్లి ఎంత కావాలంటే అంత పరిగెత్తండి. నోరు మాత్రం విప్పకూడదు. మాట వినబడకూడదు."

"అరవకుండా ఎలా పరిగెత్తాలి?" అంది పెద్దది.

"దొంగల్లా."

"దొంగలు చప్పుడు చెయ్యరుగా, మావయ్యా."

"అయితే గుర్రాల్లా."

"గుర్రాలు సకిలిస్తాయి" అంది చిన్నది.

"మూతికి చిక్కం కట్టిన గుర్రాలు సకిలించవు. పదండి తల్లీ, పదండి."

నేను తిరిగి తలుపు దగ్గరికి చేరేసరికి పైన మొదలైంది. ధబధబ ఆ గోడ దాకా, ధబధబ ఈ గోడ దాకా. పైకప్పు నుంచి సున్నం పొడి రాలింది. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. మాట కూడదని ఆ యంత్రం చెప్పింది. కాళ్ల చప్పుడు సంగతి చెప్పిందా? నాకేం తెలుసు, నేను చదివానా ఆ నిబంధనలు? ఇప్పుడు మూడోది మోగితే ఆవిడ చూపు వల్ల కాదు, నా వల్ల. ఒకసారి స్కేలుతో చెడగొట్టాను, ఇప్పుడు గుర్రాలతో. లోపల కీబోర్డు ఆగి ఉంది. ఎంతసేపో ఆగి ఉంది. వేళ్లు పళ్ల మధ్య పెట్టుకుని వింటున్నాను.

కీబోర్డు మొదలైంది. ముందు ఒక మాట, తర్వాత ఒక వాక్యమంత. తర్వాత ఆగకుండా, కుట్టు సాఫీగా పడుతున్న మిషనులా. పైన ధబధబ, లోపల టకటక. మధ్యలో నేను, వంగిన సూదిలా. ఏ క్షణాన టింగుమంటుందోనని చెవులు నొప్పెట్టాయి. గోడకు ఆనిన వీపు చెమటకు తడిసింది. అనలేదు. ఎంతకీ అనలేదు.

తలుపు తెరుచుకుంది.

"పంపేశాను" అంది.

"రెండేనా?"

"రెండే."

ఫలితం సంగతి దాచడం నాకు చేతకాదు, చెప్పేస్తాను. కొన్ని వారాలకు వచ్చింది. పాసైంది. గొప్ప మార్కులేం కావు. గది ఆవిడకే ఉంచారు, కళ్లద్దాల పిల్లను కూడా ఆవిడ పక్కనే ఉంచారు, అల్మారా తలుపు ఊడబీకారు. అవన్నీ తర్వాతి మాటలు. ఆ సాయంత్రానికి మాకు ఏమీ తెలియదు. ఆ రెండు టింగులు చాలేమో, రాసింది చాలదేమో. గుర్రాల సంగతి నా ఘనకార్యంగా చెప్పుకుందామని నేను నోరు తెరిచాను.

ఆవిడ నా మాట వినడం లేదు. తల ఎత్తి పైకప్పు వైపు చూస్తోంది.

"మొదట ఇద్దరు పరిగెత్తారు. ఇందాకటినుంచి ఒక్కళ్లే పరిగెత్తుతున్నారు" అంది.

నేను విన్నాను. నాకు ధబధబే వినబడింది. ఇద్దరో ఒకరో ఎవరు లెక్కపెట్టారు.

"నాలుగో ప్రశ్న రాస్తుంటే ఆగాయి చిన్నదాని అడుగులు. రెండోది ఏమైందండీ?" అంటూనే మెట్ల వైపు నడిచింది. నడుస్తూ మూలలు చూసింది, కిటికీ చూసింది, మెట్ల కింద చూసింది. కావాలని చూడటం కాదు. కన్ను దానంతటదే చూసింది.

వెనకే నేనూ ఎక్కాను. పై ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. పెద్దపిల్ల నోరు బిగించుకుని ఈ గోడకూ ఆ గోడకూ ఒంటరిగా పరిగెత్తుతోంది. నర్సు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం వదినా, ఎలా రాశారు పరీక్ష?"

"ఉండండి" అంది మా ఆవిడ. అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందికి వంగింది. అక్కడ చీకట్లో, చిన్నది మూతి ముడుచుకుని గోడకు ఆనుకుని ఉంది. "ముందు దీన్ని బయటికి రానివ్వండి."